కాగితపు రాకెట్టు: ఒక విజ్ఞానక్రీడ చరిత్ర

దీపావళి నాటి రాత్రి తారాజువ్వ యెగురని తెలుగు పల్లె యుండదు. కాగితపు గొట్టములో మందు కూరి, దాని కొక సన్నని పుల్ల కట్టి, వత్తి ముట్టించినంతనే అది చుఱ్ఱుమని పైకెగసి, నాలుగు చుక్కలు రాల్చి చీకటిలో కలిసిపోవును. కాలిన పుల్ల యెవరి పెరటిలో పడునో, ఎవరి గడ్డివాముపై వ్రాలునో చెప్పగలవా రుండరు. ఈ తారాజువ్వకును, మానవుని చంద్రునిపై దింపిన మహాయంత్రమునకును మూలసూత్రము ఒక్కటియే. ఆ రెండింటి నడుమ మూడవ వస్తు వొకటి ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున పుట్టినది. అది తారాజువ్వ వలె కాగితముతో చేయబడును. మహాయంత్రము వలె నియమబద్ధముగా ఎగురును. పని ముగిసిన పిమ్మట చిన్న గొడుగు విప్పుకొని నెమ్మదిగా నేలకు దిగును. దానినే నమూనా రాకెట్టు అందురు.

దీని చరిత్ర పొడవైనది కాదు. అయినను తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, విజ్ఞానమునందు ఆసక్తి గల బాలురును తెలిసికొనదగిన పాఠ మొకటి అందు కలదు. రాకెట్టు పనిలో బాలుర చేతికి తగిన భాగ మేది, నిపుణుల చేతిలోనే యుండవలసిన భాగ మేది అను గీత తెలియని రోజులలో పలువురు గాయపడిరి; కొందరు ప్రాణములే కోల్పోయిరి. ఆ గీత యెచ్చట గీయవలెనో కనుగొన్న తరువాత లక్షలాది పిల్లలు అదే విద్యను ఆటగా నేర్చుకొనిరి. ఆ గీతను గీసినవారు పెద్ద ప్రయోగశాలల అధిపతులు కారు. వారిలో ఒకడు చెప్పుల దుకాణదారు.

రాకెట్టు పూర్వకథ

గాలి నింపిన రబ్బరు బుడగ మూతిని విడిచినచో, గాలి వెనుకకు చిమ్మును, బుడగ ముందునకు దూకును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య యెదురుదిశలో కలదని న్యూటన్ మహాశయుడు 1687లో ప్రకటించిన సూత్రమున కిది సులభమైన నిదర్శనము. రాకెట్టులో గాలికి బదులు మండుచున్న మందు నుండి పుట్టిన వాయువు వెనుకకు పోవును. అంతకు మించిన రహస్యము లేదు.

సూత్రము తెలియకముందే వస్తువు పుట్టినది. చైనా దేశీయులు 13వ శతాబ్దము నాటికే నిప్పుబాణములను యుద్ధములలో వాడిరి. దక్షిణ భారతమున హైదరాలీ, టిప్పు సుల్తానుల సైన్యములు కాగితమునకును వెదురునకును బదులు ఇనుప గొట్టములలో మందు కూరి, కంపెనీ సేనలపై ప్రయోగించినవి. 1780లో పొల్లిలూరు వద్ద జరిగిన పోరులో ఈ బాణములు ఆంగ్లేయులను మిక్కిలి కలవరపరచినవి. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట ఆ బాణములలో కొన్ని ఇంగ్లాండునకు చేరగా, విలియం కాంగ్రీవ్ వాటిని పరిశీలించి తన రాకెట్టులను రూపొందించెను. ఇనుప గొట్టము ఎక్కువ ఒత్తిడిని భరించును గావున బాణము ఎక్కువ దూరము పోయెడిది. అయితే గొట్టము పగిలినచో ఇనుప తునకలు నలువైపుల చిమ్మును. శత్రువుపై అది ప్రయోజనమే కావచ్చును. పెరటిలో ఆడుకొను బాలునికి అదే మృత్యువు. నమూనా రాకెట్టు చరిత్రలో ఈ సంగతి మరల ఎదురగును.

ద్రవ ఇంధనముతో తొలి రాకెట్టు నెగురవేసిన ఘనత అమెరికా దేశపు ఆచార్యుడు రాబర్ట్ గొడ్డార్డుకు దక్కినది. 1926 మార్చి 16వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమున ఆబర్న్ గ్రామపు పొలములో ఆ రాకెట్టు రెండున్నర సెకనులు మాత్రము ఎగిరినది. అది లేచిన ఎత్తు 41 అడుగులు. పడిన చోటు 184 అడుగుల దూరము. తాటిచెట్టు తలను దాటని ఆ యెగురుటయే నలువది మూడు సంవత్సరముల పిమ్మట చంద్రయాత్రకు దారితీసినది.

ఆ కాలమున జర్మనీలోను రాకెట్టు ప్రయోగములు ముమ్మరముగా సాగినవి. వాటి మూల్యము తక్కువ కాదు. మాక్స్ వాలియరు 1930 మే 17వ తేదీన బెర్లిన్ నగరమున తాను పరీక్షించుచున్న ఇంజను పేలి మరణించెను. మందు రాకెట్టులలో నిపుణుడై, రెక్కలు విప్పుకొని దిగునట్టి వాటిని సైతము నిర్మించిన రైన్‌హోల్డ్ టిలింగ్ 1933లో తన పనిచోట సంభవించిన పేలుడులో కాలిన గాయములచే మరణించెను. ఆయన సహాయకు లిద్దరును ఆయనతోపాటే పోయిరి. వీరు అజ్ఞానులు కారు. ఆ విద్యలో ఆరితేరినవారు. అట్టివారికే మందు కూరు పని యంత ప్రమాదకరమైనప్పుడు, పుస్తకములో నాలుగు మాటలు చదివిన పదునాలుగేండ్ల బాలుని గతి యేమి?

కలకత్తా నుండి ఎగిరిన ఉత్తరములు

భారతదేశమునందును ఈ ప్రయోగములకు ముచ్చటైన చరిత్ర కలదు. కలకత్తాలో స్టీఫెన్ స్మిత్ అను నతడు దంతవైద్యము నేర్చినవాడు. తపాలా బిళ్లల సేకరణ అనిన ప్రాణము. వరదలలో, కొండలలో చిక్కువడిన ఊళ్లకు ఉత్తరములను రాకెట్టు ద్వారా పంపవచ్చునని అతడు తలచెను. 1934 సెప్టెంబరు 30వ తేదీన ఓడపై నుండి సాగర ద్వీపమునకు తొలి రాకెట్టు వదలగా, అది నడిమింట పేలి ఉత్తరములు చెల్లాచెదరైనవి. అతడు వెనుదీయలేదు. 1935లో సిక్కిం రాజు ఆదరణతో అచ్చటి నదులపై నుండి తపాలాను, చిన్న మూటలను పంపెను. అదే సంవత్సరము జూన్ 29వ తేదీన ఒక కోడిపుంజును, ఒక పెట్టను దామోదర నది కావలి గట్టునకు రాకెట్టులో పంపగా రెండును ప్రాణములతో చేరినవి. 1934 మొదలు 1944 వరకు పది సంవత్సరములలో అతడు సుమారు 270 రాకెట్టులు ఎగురవేసెనని ప్రసిద్ధి. ఆయన శతజయంతి సందర్భమున 1992లో భారత తపాలా శాఖ ఒక బిళ్లను వెలువరించినది.

స్మిత్ తన ఇంట కూర్చుండి మందు నూరలేదు. కలకత్తాలోని బాణసంచా కర్మాగారమువారి చేత రాకెట్టులు చేయించుకొనెను. ఉత్తరములను అమర్చుట, దిశను నిర్ణయించుట, ఫలితమును వ్రాసికొనుట అతని పని. మందు పని దానిని వృత్తిగా గలవారిది. ఇరువదేండ్ల పిమ్మట అమెరికాలో ఇద్దరు సోదరులు ఈ పనుల విభాగమునే మరింత చక్కగా సాధించిరి.

నార్ఫోక్ పట్టణపు సోదరులు

అమెరికా మధ్యభాగమున నెబ్రాస్కా రాష్ట్రము వ్యవసాయ ప్రధానమైనది. అందు నార్ఫోక్ అను చిన్న పట్టణమున ఆర్విల్ కార్లైల్ చెప్పుల దుకాణము నడుపుచుండెను. బాణసంచా యందు అతనికి మక్కువ మెండు; అందు లైసెన్సు పొందిన అనుభవజ్ఞుడు. అతని సోదరుడు రాబర్టునకు నమూనా విమానములు చేయుట వినోదము. రాకెట్టు ఎట్లు ఎగురునో విద్యార్థులకు బోధించునప్పుడు చూపుటకు ఒక చిన్న రాకెట్టు కావలెనని రాబర్టు కోరెను. రాబర్టునకు తేలికయైన శరీరమును నిర్మించు విద్య తెలియును. ఆర్విల్‌కు మందు మర్మము తెలియును. 1954లో ఇద్దరును కలిసి తొలి నమూనా రాకెట్టును నిర్మించిరి.

అందు వాడినవి మిక్కిలి సామాన్యమైన వస్తువులు. శరీరము కాగితపు గొట్టము. ముక్కును, రెక్కలును బాల్సా అను తేలిక కఱ్ఱతో చెక్కినవి. కొండపల్లి బొమ్మలు చెక్కెడి పొణికి కఱ్ఱ, పెండ్లి బాసికములలో వాడెడి జీలుగు బెండు చూచినవారికి బాల్సా తేలికదనము సులభముగా ఊహకు అందును. ఇంజను వేరుగా చేసిన చిన్న కాగితపు గొట్టము. అదియు బొటనవ్రేలంత లావు మాత్రమే. ఒకమారు కాలిన ఇంజనును తీసివేసి క్రొత్తది అమర్చినచో అదే రాకెట్టు మరల ఎగురును. శిఖరమునకు చేరిన పిమ్మట ఇంజనులోని కొద్దిపాటి మందు ముందువైపునకు పేలి ముక్కును నెట్టివేయగా, లోపల మడిచి పెట్టిన గొడుగు విచ్చుకొనును. తారాజువ్వకు లేని తిరుగుప్రయాణము దీనికి లభించినది. ఈ నిర్మాణమునకు 1958లో ఆ సోదరులు పేటెంటు హక్కు పొందిరి.

ఒక వ్యాసము, ఒక పార్సెలు

ఆ దినములలోనే న్యూ మెక్సికో రాష్ట్రమున వైట్ శాండ్స్ అను సైనిక రాకెట్టు ప్రయోగక్షేత్రమున హారీ స్టయిన్ అను యువ ఇంజనీరు ప్రయోగముల భద్రతను చూచు పనిలో ఉండెను. ఆయనకు రచనావ్యాసంగము కూడ కలదు. రాకెట్టులను స్వయముగా చేయబోయి బాలురు గాయపడుచున్న వైనమును, రాకెట్టు పనిలో పాటింపవలసిన జాగ్రత్తలను గూర్చి ఆయన సామాన్యులు చదువు యంత్రవిజ్ఞాన పత్రికలకు వ్రాసెను. నార్ఫోక్‌లో ఆ వ్రాతలు ఆర్విల్ కార్లైల్ కంటబడినవి. తాము చేసినది బోధనోపకరణము మాత్రమే కాదు, ఈ ఆపదకు విరుగుడు కూడ కాగలదని ఆయనకు తోచినది. 1957 జనవరిలో కొన్ని రాకెట్టులను, ఇంజనులను కట్టకట్టి స్టయిన్‌కు పంపెను.

ఆకాశమంత ఎత్తున ఎగురు రాకెట్టులను నిత్యము చూచు స్టయిన్‌కు ఈ కాగితపు బొమ్మ చిన్నచూపునకు తగినదిగా కనిపింపవచ్చును. అట్లు జరుగలేదు. ఆయన దానిని ఎగురవేసి చూచి, ఏండ్ల తరబడి వెదకుచున్న సమాధానము చేత చిక్కినదని గ్రహించెను. వెంటనే సైనిక క్షేత్రమునందలి భద్రతా నియమములను బాలుర ఆటకు తగినట్లు కుదించి ఒక నియమావళిని కూర్చెను. 1957లోనే ఈ క్రీడాభిమానుల జాతీయ సంఘమొకటి ఏర్పడినది. డెన్వరు నగరమున స్టయిన్ తన మిత్రులతో కలిసి నమూనా రాకెట్టుల సామగ్రిని విక్రయించు తొలి కంపెనీని నెలకొల్పెను. 1959లో అదే నగరమున తొలి జాతీయ పోటీలు జరిగినవి.

ఆ నియమములలో ముఖ్యమైనవి కొన్ని. రాకెట్టు శరీరమున కాగితము, కఱ్ఱ, తేలిక ప్లాస్టిక్కు మాత్రమే యుండవలెను. లోహపు గొట్టము పనికిరాదు. ఇంజనును కర్మాగారమున చేసి పరీక్షించినదిగా కొనవలెనే గాని, ఇంట చేయరాదు; కొన్నదానిని విప్పరాదు, మార్చరాదు. అగ్గిపుల్లతో అంటింపరాదు, దూరము నుండి విద్యుత్తుతో ముట్టింపవలెను. చిన్న ఇంజనులకు సైతము పదునైదు అడుగులు తగ్గకుండ ఎడమగా నిలువవలెను. అందరును వినునట్లు అంకెలు వెనుకకు లెక్కించిన పిమ్మటనే మీట నొక్కవలెను. దేనికిని గురిపెట్టి వదలరాదు. పెనుగాలిలో ఎగురవేయరాదు. విద్యుత్తు తీగలపై చిక్కిన రాకెట్టు కొఱకు ఎవరును ఎక్కరాదు. మైసూరు ఇనుప బాణమునకును ఈ కాగితపు బాణమునకును గల వ్యత్యాస మంతయు ఈ నియమములలో కలదు. ఇచ్చట కాగితము పేదతనమునకు గుర్తు కాదు; రక్షణకు కావలసియే ఎన్నుకొన్న వస్తువు.

స్పుత్నిక్ పిలుపు

1957 అక్టోబరు 4వ తేదీన రష్యనులు స్పుత్నిక్‌ను ఆకాశమున నిలిపిరి. అది 58 సెంటీమీటర్ల వ్యాసము, 84 కిలోలకు కొంచెము తక్కువ బరువు గల లోహపు బంతి. ఆ బంతి భూమిని చుట్టుచుండగా లోకమునందలి బాలుర మనస్సులు దాని వెంట తిరిగినవి. అమెరికాలో ఎచ్చట చూచినను రాకెట్టులు చేయు కుఱ్ఱవాండ్రే. చేతికి దొరికిన గొట్టములో చేతికి దొరికిన రసాయనము కూరి నిప్పు పెట్టుటయే పలువురి విధానము. పేలుళ్లు, గాయములు పెరిగినవి.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున కోల్‌వుడ్ అను బొగ్గుగనుల ఊరి కథ ఈ కాలమునకు చెందినదే. గని సూపరింటెండెంటు కుమారుడైన హోమర్ హికమ్, అతని స్నేహితులు స్పుత్నిక్‌ను చూచి తామును రాకెట్టులు చేయ నుద్యమించిరి. వారి తొలి ప్రయత్నము తల్లి పూలతోట కంచెను పేల్చివేసినది. ఆ తరువాత వారు ఊరికి దూరముగా గని మట్టి పోసిన బయలును ప్రయోగస్థలముగా ఎంచుకొనిరి. గని కార్ఖానా పనివారు లోహపు పని చేసిపెట్టిరి. ఫ్రీడా రైలీ అను ఉపాధ్యాయిని వారి శ్రద్ధను గమనించి, క్షిపణుల నిర్మాణమును గూర్చిన గ్రంథ మొకటి హికమ్ చేతిలో పెట్టెను. ఆ గ్రంథము నర్థము చేసికొనుటకు వారు తమ తరగతికి మించిన గణితమును సైతము నేర్చిరి. 1960లో జాతీయ విజ్ఞాన ప్రదర్శనమున హికమ్ పతకము నందుకొనెను. పిమ్మట ఆయన అమెరికా అంతరిక్ష సంస్థలో ఇంజనీరుగా పనిచేసెను. 1998లో ఆయన వ్రాసిన స్వీయకథయు, 1999లో వచ్చిన దాని చలనచిత్రమును ప్రసిద్ధములు. ఆ ఉపాధ్యాయిని మాత్రము 1969లో చిన్న వయసుననే వ్యాధికి లోనై కన్నుమూసెను.

కోల్‌వుడ్ బాలుర విజయము మెచ్చదగినదే గాని, అనుసరింపదగిన మార్గము కాదు. వారికి కార్ఖానా పనివారి చేయూత కలదు. ఊరికి దూరమైన బయలు కలదు. శ్రద్ధ గల ఉపాధ్యాయిని కలదు. వీటన్నింటికి తోడు అదృష్టము కలదు. ఇవి లేని బాలుర కథలు గ్రంథములుగా రాలేదు. కనుకనే వేలకొలది బాలురకు సురక్షితమైన ఇంజనులు అందవలసిన అగత్యము ఏర్పడినది.

ఆ అగత్యమును తీర్చినవాడు వెర్నన్ ఎస్టెస్. స్టయిన్ కంపెనీకి బాణసంచా కర్మాగారము నుండి వచ్చు ఇంజనులు ఒకదానివలె ఒకటి యుండెడివి కావు. వేళకు అందెడివియు కావు. డెన్వరునందలి బాణసంచా తయారీదారు కుమారుడగు ఎస్టెస్ ఆ పనిని స్వయముగా పనిచేయు యంత్రమున కప్పగించెను. దానికి మేబెల్ అని ముద్దుపేరు. 1959 నుండి ఆ యంత్రము ఆరు సెకనులు గడువకముందే ఒక ఇంజనును చేసి యిచ్చినది. అన్నియు ఒకే తీరున యుండెను, వెల తగ్గినది. స్టయిన్ కంపెనీ కొద్దికాలమునకే కుంటుపడగా, ఎస్టెస్ 1960 నుండి రాకెట్టు సామగ్రిని తానే విక్రయింప మొదలిడి, 1961లో కర్మాగారమును కొలరాడో రాష్ట్రమునందలి పెన్రోజ్ అను చోటికి తరలించెను. మనుష్యుడు చేతితో కూరవలసిన ప్రమాదపు పనిని యంత్రము చేయుచుండగా, బాలుడు చేతులార చేయవలసిన పని బాలునికే మిగిలినది.

చేతిపనిలో చదువు

ఆ మిగిలిన పని తక్కువది కాదు. గుండ్రని కఱ్ఱపై దళసరి కాగితమును జిగురుతో చుట్టి, ఆరిన పిమ్మట ఊడదీసినచో శరీరమగు గొట్టము సిద్ధమగును. ఇంట పారవేయు కాగితపు గొట్టములును కొన్నిమారులు పనికివచ్చును. ముక్కును కఱ్ఱతో చెక్కి గరుకు కాగితముతో నునుపు చేయవలెను. మూడు లేక నాలుగు రెక్కలను సమానమైన ఎడములో, గొట్టమునకు నిట్టనిలువుగా అతికింపవలెను. ఒక రెక్క వంకరపోయినను రాకెట్టు గిరగిర తిరుగును. పానీయములు త్రాగు సన్నని గొట్టపు ముక్క నొకదానిని ప్రక్కన అంటించినచో, మూడడుగుల ఇనుప కడ్డీ వెంబడి రాకెట్టు తిన్నగా లేచుటకు అదియే దారి చూపును. పలుచని ప్లాస్టిక్కు సంచిని గుండ్రముగా కత్తిరించి, అంచులకు దారములు కట్టినచో గొడుగు. ముక్కు ఊడి వేరుగా పడకుండ రబ్బరు పట్టీతో శరీరమునకు ముడివేయవలెను. మందు వేడికి గొడుగు కరగకుండ నిప్పంటని కాగితమును నడుమ దట్టింపవలెను.

ఇంజనులో అడుగున మట్టితో చేసిన మూతి యుండును. దానిపై రాకెట్టును లేపు మందు. దానిపై నెమ్మదిగా పొగవిడుచుచు కాలయాపన చేయు మందు. అన్నింటికి పైన గొడుగును వెలికి నెట్టు మందు. ఇంజనుపై వ్రాసిన గుర్తులను చదువుటయే ఒక పాఠము. ఏ8-3 అని యున్నచో, మొదటి అక్షరము మొత్తము బలము యొక్క తరగతి. ఒక్కొక్క అక్షరము ముందునకు పోయినకొలది ఆ పరిమితి రెట్టింపగును. 8 అనునది సగటు తోపు ఎనిమిది న్యూటనులని తెలుపును. చివరి 3 అనునది మందు కాలిన పిమ్మట గొడుగు విచ్చుకొనుటకు మూడు సెకనుల వ్యవధి యని చెప్పును.

రాకెట్టు తిన్నగా ఎగురుటకు ఒక నియమము కలదు. బరువు నిలుచు బిందువు ముందుండవలెను; గాలి ఒత్తిడి కూడు బిందువు వెనుక నుండవలెను. తారాజువ్వకు పొడవాటి పుల్ల కట్టుటలో గల రహస్య మిదియే. నమూనా రాకెట్టులో ఆ పనిని రెక్కలు చేయును. దీనిని పరీక్షించు ఉపాయము సులభము. ఇంజను అమర్చిన రాకెట్టును సమతూకము నిలుచు చోట దారముతో కట్టి, తలచుట్టును త్రిప్పవలెను. ముక్కు ముందునకు చూచుచు తిరిగినచో అది ఎగురుటకు తగినది. అడ్డదిడ్డముగా పొరలినచో ముక్కున కొంత బరువు చేర్చవలెను, లేదా రెక్కలను పెంచవలెను. 1966లో జేమ్స్ బారోమాన్ అను ఇంజనీరు ఈ ఒత్తిడి బిందువును కాగితముపైననే లెక్కకట్టు పద్ధతిని బాలురకు అందునంత సులభముగా కూర్చెను.

ఎంత ఎత్తు ఎగిరినదో కొలుచుట మరియొక ముచ్చట. కోణమాపకమునకు దారముతో చిన్న బరువు వ్రేలాడదీసి, ప్రయోగస్థలమునకు 100 మీటర్ల దూరమున నిలిచి, శిఖరమునందున్న రాకెట్టును చూచి కోణమును గుర్తింపవలెను. అది 45 డిగ్రీలైనచో రాకెట్టు చూపరి కంటిమట్టము నుండి 100 మీటర్లు లేచినట్లు. తరగతిలో నల్లబల్లపై చూచి భయపడిన త్రికోణమితి, మైదానమున తనంత తానే స్నేహితుడగును.

ఈ దేశమున, ఈ తీరమున

భారతదేశపు అంతరిక్ష ప్రస్థానము కూడ ఇట్లే నిరాడంబరముగా మొదలైనది. 1963 నవంబరు 21వ తేదీన కేరళ తీరమునందలి తుంబ అను బెస్తపల్లె నుండి తొలి రాకెట్టు ఎగిరినది. మరియా మగ్దలేనా పేరిట నున్న అచ్చటి చర్చి కట్టడమే కార్యాలయమైనది. రాకెట్టు భాగములు సైకిలుపై సాగినవి. 1971 అక్టోబరు 9వ తేదీన తెలుగు తీరమునందలి శ్రీహరికోట నుండి రోహిణి జాతికి చెందిన చిన్న రాకెట్టు ఎగురుటతో ఆ క్షేత్రపు చరిత్ర ఆరంభమైనది. 2023 జూలై 14వ తేదీన ఆ దీవి నుండియే బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగినది. పులికాటు సరస్సు ప్రక్కన ఇంతటి కార్యములు జరుగుచుండగా, తెలుగు బాలునికి రాకెట్టు చేయవలెనను కోరిక పుట్టుట సహజము.

ఆ కోరికను అణచుట తగదు. త్రోవ తప్పనిచ్చుటయు తగదు. పూర్వము కొన్ని పల్లెలలో సూరేకారము, గంధకము, బొగ్గు నూరి ఇండ్లయందే జువ్వలు చుట్టెడివారు. ఆ ముచ్చటలతోపాటు కాలిన చేతుల కథలును పెద్దలకు తెలియును. లైసెన్సు లేకుండ ప్రేలుడు పదార్థములు చేయుట ఈ దేశమున నేరము. దుకాణమున కొన్న తారాజువ్వను విప్పి మందు తీయుట అంతకంటె తక్కువ ప్రమాదము కాదు.

నిప్పు అక్కరలేని రాకెట్టు కూడ కలదు. పారవేసిన ప్లాస్టిక్కు సోడా సీసాలో మూడవ వంతు నీరు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టినచో, బిరడా ఊడినంతనే నీరు క్రిందికి చిమ్మి సీసా పైకెగయును. అట్టతో రెక్కలు, కాగితముతో ముక్కు చేర్చినచో న్యూటన్ సూత్రము కన్నులయెదుట నిలుచును. దీనికిని నియమములు కలవు. గాలి ఒత్తిడిని తాళునట్టి సోడా సీసానే వాడవలెను; గాజు సీసా గాని లోహపు డబ్బా గాని పనికిరాదు. సీసా గీతలు పడినదైనచో వదలివేయవలెను. పంపు గొట్టము పొడవుగా నుండవలెను. ఎవరును సీసాపై వంగరాదు. పెద్దవారొకరు ప్రక్కన నిలువవలెను. పాఠశాల మైదానమున ఉపాధ్యాయుని యెదుట జరిగినచో ఇది ఆటయు నగును, పాఠమును నగును.

గ్రంథాలయమునకు ఈ కథతో గల చుట్టరికము

ఈ చరిత్రను మొదటి నుండి పరికించినచో ప్రతి మలుపునందును అచ్చుకాగిత మొకటి కనబడును. స్టయిన్ వ్రాతలు పత్రికలో అచ్చుపడకున్నచో, నార్ఫోక్ దుకాణదారునికి ఆయన పేరే తెలియదు. ఆ పత్రిక అతని యూరికి చేరకున్నచో పార్సెలు కదలదు. కోల్‌వుడ్ ఉపాధ్యాయిని గ్రంథము నీయకున్నచో బాలుని గణితము అంతటితో నిలిచిపోయెడిది. 1965లో స్టయిన్ తన అనుభవమునంతను నమూనా రాకెట్టు శాస్త్రమునకు కరదీపిక వంటి గ్రంథముగా వెలువరించెను. తరువాతి తరముల పిల్లలు పేలుళ్ల నుండి కాక, ఆ పుటల నుండి నేర్చిరి.

విషయము తెలియని బాలుడు ప్రయోగము మానడు. తెలియకయే ప్రయోగము చేయును. గాయములన్నియు ఆ తెలియమి నుండియే వచ్చినవి. గ్రామ గ్రంథాలయమున విజ్ఞాన గ్రంథములకు కేటాయించిన ఒక్క అర, అడిగిన ప్రశ్నకు విసుగక గ్రంథము తీసి యిచ్చు ఒక్క నిర్వాహకుడు, ఆ గ్రంథము పట్టుకొని మైదానమునకు వెంట నడచు ఒక్క ఉపాధ్యాయుడు చేయగల మేలు కొలువరానిది. ఇరువదియైదు సంవత్సరములు నిండిన పఠనమందిరమునకు అట్టి బాలుడు ఒక సాయంకాలము వచ్చి, రాకెట్టు ఎట్లు ఎగురునని అడుగును. అతనికి కాగితము, కత్తెర, జిగురు ఇంటిలో దొరకును. దొరకనిది ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో చెప్పు పుస్తకము. అది బీరువాలో సిద్ధముగా నుండవలెను.